తప్పుకోవాల్సిన పిల్ల

రాళ్ళు ఎర్రగా కాలాయి గాని, గుంటలోకి దించడానికి మాంసం ఇంకా సిద్ధం కాలేదు.

తెయోదోరా ఒక్కతే పెద్ద బేసిను ముందు గొంతుక్కూచుని, గొర్రె ముక్కలకు వాసనాకు నూరిన ముద్ద పట్టిస్తోంది. ఆ ఇంట్లో ఇలా కాల్చిన రాళ్ళ గుంటలో పచమంక వండిన ప్రతిసారీ ఈ పని తోడికోడళ్ళిద్దరూ కలిసి చేసేవాళ్ళు. ఇవాళ చిన్న కోడలు విల్మా ఎదుటి గదిలో తలుపు వేసుకుని కూచుంది. వాకిలి ఒకటే, వంటిళ్ళు రెండు. నిన్న సాయంత్రం దాకా ఆ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.

"నిన్న స్టేడియంలో నీ పిల్ల కాళ్ళు బాగానే ఆడాయి గదా," అంది తెయోదోరా ఆ తలుపుకు వినబడేలా. "ఇవాళ నీ చేతులకేమొచ్చిందో. తినే వేళకి అవీ ఆడతాయిలే."

తలుపు వెనకనుంచి విల్మా గొంతు వచ్చింది. "మీ పిల్ల గెలుస్తుందని కోసిన గొర్రె గదక్కా అది. మా వాటా ముక్కలు కుక్కకి వెయ్యండి."

"కుక్కకైతే విశ్వాసం ఉంటుంది."

"ఉంటుంది మరి. గొలుసేసి కడితే ఇంకాస్త ఎక్కువుంటుంది."

తెయోదోరా కూతురు నయేలి గడప మీద కూచుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. పొద్దుటినుంచీ అక్కణ్ణుంచి లేవలేదు. ఓడిపోయిన దుఃఖం అనుకుని ఎవరూ లేపలేదు. ఆమెకు పదిహేడేళ్ళు. వాంకాయో చుట్టుపక్కల ఏ స్కూలు పిల్లా ఆమెను మూడు వేల మీటర్లలో దాటి ఎరగదు. తెల్లారి రోడ్డు మీద పరుగెడుతుంటే కూరగాయల లారీవాళ్ళు పేరు పెట్టి పిలిచి హారన్ కొడతారు. రేడియోలో ఆమె గొంతు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ఏం మాట్లాడాలో తెలియక, "మా నాన్న నేర్పాడు," అని ఊరుకుంది.

ఆ నాన్న, హెర్మీలియో, గుంట పక్కన నిలబడి నీలగిరి కట్టెలు ఎగదోస్తున్నాడు. నిన్న తమ ఊరు చుపాకాకు తిరిగొస్తూ బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాకా లేదు. మెడలో ఎప్పుడూ వేలాడే విజిల్ ఇవాళ లేదు.

"ఏ పిల్ల గెలిస్తేనేంరా," అంది ముసలమ్మ అసుంతా, గోడవార ఎండలో కోకా ఆకు నములుతూ. "రెండూ మనింటి కాళ్ళే గదా."

"అమ్మా, నువ్వూరుకో."

"ఊరుకోక ఏం చేస్తున్నాను? నములుతున్నాను."



తప్పు ఎదిత్‌ది అని ఇంట్లో అందరూ తేల్చేశారు. ఎదిత్ విల్మా కూతురు, నయేలికంటే ఆరు నెలలు చిన్న. చెల్లెలి పని ఒకటే. ముందు పరుగెత్తాలి, గాలికి అడ్డం నిలవాలి, అక్కకు వేగం పట్టి ఇవ్వాలి. చివరి చుట్టు గంట కొట్టగానే పక్కకి తప్పుకోవాలి. అప్పుడు నయేలి లోపలి గీత పట్టుకుని దూసుకుపోతుంది. చెల్లెలు ఐదోదిగానో ఆరోదిగానో వచ్చి, ఎవరూ చూడకుండా బూట్లు విప్పుకుంటుంది. ఎన్నో పోటీలు అలాగే జరిగాయి. నిన్న గంట కొట్టింది. ఎదిత్ తప్పుకోలేదు. అలాగే ముందు పరుగెత్తి గెలిచేసింది.

అందరికీ తెలిసింది అంతే. నయేలికి ఇంకో సంగతి తెలుసు.

గంటకు ముందు మలుపులో ఎడమ మోకాలి కింద ఎముక మీద ఎవరో ఉలి పెట్టి కొట్టినట్టయింది. కళ్ళకు చీకట్లు కమ్మాయి. ముందు ఊగుతున్న చెల్లెలి జడతో, "పోవే. నువ్వు పో," అంది. నది మీంచి ఎదురుగాలి వీస్తోంది. జడ వెనక్కి తిరగలేదు. తర్వాత ఎదిత్ వెళ్ళిపోయింది. నయేలి పళ్ళ బిగువున రెండోదిగా వచ్చి పడింది.

బస్సులో చెప్పాలనుకుంది. అందరూ ఎదిత్‌ను వెనక సీటులో ఒంటరిగా వదిలేశారు. ఇంటి దగ్గర దిగాక చెబుదామనుకుంది. దిగగానే అమ్మా పిన్నీ తిట్టుకోవడం మొదలుపెట్టారు. కాస్త చల్లారాక చెబుదామనుకుంది. మాట నిలవ ఉన్నకొద్దీ పాచిపోయింది. ఇప్పుడు నోరు తెరిస్తే, ఇంతసేపూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న ముందు వస్తుంది.

దానికి జవాబుంది. స్కూలు పోటీల్లో ఆమెకు ఇదే ఆఖరి ఏడు. నిన్న గెలిచిన పిల్లను రాజధాని లిమాలో శిక్షణకు తీసుకుంటారు, అక్కణ్ణుంచి పక్క దేశాల పోటీలకు పంపుతారు. కాలు డాక్టరుకు చూపిస్తే ఆయన ముందు చెప్పే మాట, పరుగు మానెయ్యమని. ఇది అమ్మకూ తెలుసు. వానల్లో ఒకరోజు ఆమె కుంటడం చూసి, వేడి ఉప్పు మూట కట్టి, "లిమా వెళ్ళాక చూపించుకుందాం. మీ నాన్న చెవిన వెయ్యకు," అంది.

"విల్మా," అని పిలిచాడు హెర్మీలియో. "బయటికి రా. పిల్లనీ తీసుకురా. ఒంటిగంటకి సెబాయోస్ సార్ వచ్చేస్తాడు."

లిమానుంచి పిల్లల్ని ఎంచుకోవడానికి వచ్చినాయన ఆ సెబాయోస్. ఆయన్ని భోజనానికి పిలిచి నెల దాటింది. అప్పుడు ఎవరు గెలుస్తారని ఎవరికీ అనుమానం లేదు.

తలుపు తెరుచుకుంది. విల్మా కొప్పు ముడుచుకుంటూ వచ్చింది. ఆమె మొగుడు గనిలో పనికి వెళ్ళి నెలకొకసారి వస్తాడు. అతని తరఫున కూడా తనే మాట్లాడడం ఆమెకు అలవాటైపోయింది. వెనకే ఎదిత్. నిన్నటి పతకం మెళ్ళో లేదు. దాన్నెక్కడ పెట్టిందో ఎవరూ అడగలేదు.

"చెప్పండి బావగారూ."

హెర్మీలియో చేతులు దులుపుకున్నాడు. చెప్పదలచుకున్నది నేలకేసి చూస్తూ చెప్పాడు. "నిన్న జరిగిందేదో జరిగింది. దాని గురించి నేను మాట్లాడను. ఎదిత్‌కి నిన్న కాలు బెణికింది. రాత్రికి వాచింది. అది లిమా వెళ్ళే స్థితిలో లేదు. గెలిచినది వెళ్ళలేకపోతే రెండోది వెళ్తుంది, రూలే అది. సార్‌కి ఆ మాట తనే తన నోటితో చెప్పాలి. నేను చెబితే బావుండదు."

కట్టె ఒకటి పగిలి నిప్పురవ్వలు లేచాయి.

"బెణికిందా?" అంది విల్మా నెమ్మదిగా. "ఎప్పుడు? పొద్దున నీళ్ళ బిందెలు రెండు చేతులా మోసుకొచ్చింది. అప్పుడు బెణకలేదే."

"విల్మా, ఊరంతా ఆ పిల్ల మీద ఆశ పెట్టుకుంది."

"ఊరు నా కూతురి మీద ఆశ పెట్టుకోవద్దని ఎవరన్నారు? మీరన్నారు. పన్నెండేళ్ళప్పుడు ఇద్దర్నీ కొండ దారిలో పరుగెత్తించి, ఇది ముందొచ్చిన రోజు కూడా, 'దీనికి ఓపికుంది గాని చురుకు లేదు' అన్నారు. అప్పట్నుంచీ దాని ఓపికంతా మీ పిల్లకే పోసింది. పేపర్లో దాని ఫొటో ఒక్కటి లేదు. ఉన్నవాటిల్లో నయేలి భుజం వెనక సగం మొహం ఉంటుంది."

"నేను నేర్పబట్టే గదా అది పరుగెత్తింది."

"మీరు దానికి నేర్పింది పరుగెత్తడం కాదు బావగారూ. ఆగడం."

తెయోదోరా బేసిను ముందునుంచి తలెత్తింది. "అన్నం పెట్టినచోట ఆ మాత్రం ఆగితే ఏం పోయింది? కాళ్ళు అరువిచ్చినట్టు మాట్లాడతావేం?"

"మీ అన్నం మేం తినలేదక్కా. దాని నాన్న కొండ కడుపులో దూరి పంపిస్తే తిన్నాం."

"ఇద్దరూ ఆపండి," అంది ముసలమ్మ. ఆమె గొంతులో ఇందాకటి వేళాకోళం లేదు. "నా పెద్దకొడుకు ఆ గుంట తవ్వింది విందుకా, మీలో ఒకరిని పూడ్చడానికా?"

పక్కింటి రేడియోలో పాట సన్నగా వినిపిస్తోంది.

"చెబుతాను పెదనాన్నా," అంది ఎదిత్.

విల్మా గిరుక్కున తిరిగింది. "నోర్ముయ్యి."

"చెబుతానమ్మా. కాలు వాచిందని చెబితే సరిపోతుంది గదా. ఏం పోయింది?" ఆ పిల్ల ముఖంలో ఏడుపూ లేదు, కోపమూ లేదు. సంతలో మిగిలిపోయిన కూర ఎంతకో అంతకు ఇచ్చేసేవాళ్ళ ముఖంలా ఉంది. "ఏ కాలో చెప్పండి. తర్వాత తేడా రాకూడదు."

నయేలి చేతిలో చిక్కుడుకాయ విరిగింది.

"దానికి నేనే చెప్పాను," అంది.

అందరూ ఇటు తిరిగారు. తండ్రి కూడా, నిన్నటి తర్వాత మొదటిసారి.

"గంటకి ముందే, నువ్వు పో అని నేనే చెప్పాను. అది మోసం చెయ్యలేదు. నా వల్ల కాలేదు. ఎడమకాలి ఎముక నొప్పి నాన్నా. వానాకాలం నుంచీ ఉంది. నిన్న అసలు అడుగు పడలేదు."

చెప్పేశాక ఒళ్ళు తేలికపడుతుందనుకుంది. పడలేదు.

హెర్మీలియో ఆమెను చూసి, తర్వాత భార్యను చూశాడు. "నువ్వెరుగుదువా?"

తెయోదోరా చేతులు మోచేతుల దాకా పచ్చటి ముద్దలో ఉన్నాయి. ఆమె వాటినే చూసుకుంది. అమ్మ ఇప్పుడు అవునంటుంది, అంతా అయిపోతుంది అనుకుంది నయేలి. అమ్మ పెదవి కదిలింది.

"ఏం నొప్పి?" అంది తెయోదోరా. "రాత్రి దాని కాళ్ళకి నూనె పట్టించింది నేనే. ఏమీ లేదు. చెల్లెల్ని తలా ఒకమాట అంటుంటే చూడలేక నెత్తినేసుకుంటోంది. చిన్నప్పట్నుంచీ దాని మనసంతే గదా. పగిలిన కుండలన్నీ తనే పగలగొట్టానంటుంది."

"అమ్మా."

"నువ్వు మంచిదానివే. ఇక చాలు."

హెర్మీలియో ముఖం సడలింది. కూతురి దగ్గరికొచ్చి నెత్తిమీద చెయ్యి వేశాడు. ఆ చేతి బరువు కోసం నిన్నటినుంచీ నయేలి ఎదురుచూసింది. ఇప్పుడు ఆ చెయ్యి పడగానే తల నేలలోకి దిగిపోయినట్టనిపించింది.

"నేర్చుకో," అన్నాడతను ఎదిత్‌తో. "అక్క అంటే ఇదీ."

విల్మా మాత్రం ఆ మాటను వదల్లేదు. మునిగేవాళ్ళు తాడు అందుకున్నట్టు అందుకుంది. "ఆగండి బావగారూ. నయేలి అబద్ధం ఎందుకు చెబుతుంది? అది పొమ్మంటేనే నా పిల్ల వెళ్ళింది. అయితే నా పిల్ల దొంగ కాదు." కూతురి రెండు భుజాలూ పట్టుకుంది. "చెప్పవే. అక్క చెప్పింది గదా నీకు? చెప్పు. అందరి ముందూ చెప్పు."

ఎదిత్ తల్లి ముఖంలోకి చూసింది. గడప మీదున్న అక్కను చూసింది.

"లేదు," అంది.

"ఏవిటి లేదు?"

"నాకెవరూ ఏమీ చెప్పలేదు. ఎదురుగాలి. నాకు నా ఊపిరే వినబడుతోంది. గంట కొట్టింది. పక్కకి జరగాలనిపించలేదు. జరగలేదు."

విల్మా చేతులు జారిపోయాయి.

"సార్‌కి ఏం చెప్పమంటే అది చెబుతాను పెదనాన్నా," అంది ఎదిత్ అదే గొంతుతో. "బెణికిందంటే బెణికింది, విరిగిందంటే విరిగింది. లిమా మీరే తీసుకోండి. గెలుపు మాత్రం నాది. అది నాకు ఎవరూ పెట్టలేదు."

విల్మా కొంగున కళ్ళొత్తుకుని వచ్చి బేసినుకు రెండోవైపు కూచుంది. ముక్క తీసుకుని ముద్ద పట్టించడం మొదలెట్టింది. తోడికోడళ్ళిద్దరి చేతులూ ఒకే బేసినులో తిరిగాయి, ఒకదానికొకటి తగలకుండా. కాలిన రాళ్ళ మీద మాంసం, దుంపలు, మొక్కజొన్న పొట్లాలు, చిక్కుళ్ళు వరసగా దించారు. తడిగుడ్డలు కప్పి మట్టి పోశారు. మట్టి దిబ్బ మీద ముసలమ్మ పూల శిలువ గుచ్చింది. సందుల్లోంచి ఆవిరి లేచినచోటల్లా హెర్మీలియో చేత్తో మన్ను అదిమాడు.

ఎదిత్ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే నయేలి గోడ పట్టుకుని అక్కడిదాకా వెళ్ళింది.

"నీకు వినబడింది."

"ఏది?"

"నేనన్న మాట. నీ వెనక రెండడుగుల్లో ఉన్నాను. వినబడకుండా ఎలా ఉంటుంది?"

ఎదిత్ కుళాయి కట్టేసింది. "నీ కాలికేమీ లేదని పెద్దమ్మ చెప్పింది గదక్కా. పెద్దవాళ్ళు అబద్ధమాడతారా?"

"నేను నీకోసమే చెప్పాను."

"తెలుసు. అన్నీ నాకోసమే చేస్తావు. పాత బూట్లు నాకోసమే దాచావు, జాకెట్టు నాకోసమే బిగుతయిందన్నావు. ఇది కూడా నాకోసమే ఇచ్చావని ఊళ్ళో చెప్పుకుంటే, ఇక నాకంటూ ఏం మిగులుతుంది?"

ఎదిత్ తడిచేతులు పావడాకు తుడుచుకుని వెళ్ళిపోయింది. నయేలి గోడ పట్టుకునే మళ్ళీ గడప దగ్గరికి వచ్చి కూచుంది.

సెబాయోస్ చెప్పిన వేళకే వచ్చాడు. తెల్లజుట్టు, నిదానమైన మనిషి. వెంట ఇరుగుపొరుగు వాళ్ళూ లోపలికొచ్చారు. మొక్కజొన్న కల్లు, చిచా గ్లాసులు తిరిగాయి. నిన్నటి పోటీ గురించి ఎవరో ఎత్తబోయి, హెర్మీలియో ముఖం చూసి మానేశారు.

"ఏదీ మన విజేత?" అన్నాడు సెబాయోస్ బల్ల దగ్గర కూచుంటూ. "దగ్గరకి రామ్మా, నిన్న సరిగా చూడనే లేదు."

ఎదిత్ ఎదుటి గోడ దగ్గరుంది. అక్కణ్ణుంచి వాకిలికి అడ్డంగా నడిచివచ్చింది, కుంటుతూ.

అంత బాగా చెయ్యమని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఎడమ మడమ నేలకు ఆనించకుండా, వేళ్ళమీద వాలి, నడుము ఒక్క వీసం పక్కకి తోసి, మూడో అడుగు దగ్గర క్షణం ఆగి, ఊపిరి పట్టి మళ్ళీ వేసింది. బెణికిన కాలు అలా నడవదు.

అది నయేలి నడక.

తెల్లారకుండా, ఇంట్లో ఎవరూ లేవకముందు, కాలు వేడెక్కేదాకా గొర్రెల దొడ్డి వెనక అటూ ఇటూ తిరిగే నడక. అద్దంలో కూడా చూసుకోనిది. ఎవరూ చూడలేదనే అన్నాళ్ళూ అనుకుంది.

సెబాయోస్ గ్లాసు కింద పెట్టాడు. వంగి ఆ పిల్ల కాలు మోకాలి కింద నిమిరి చూశాడు. ఎదిత్ సరిగ్గా నొప్పి ఉండాల్సిన చోట ఉలిక్కిపడింది.

"ఇది ఎముక నొప్పమ్మా. ఈ నడక నాకు తెలుసు. ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. ఎన్నాళ్ళ బట్టి?"

"వానాకాలం నుంచీ సార్."

ఆ మాట పొద్దున హెర్మీలియో ఇంకొకరి నోట విన్నాడు. భార్య వంక చూశాడు. తెయోదోరా మట్టి దిబ్బ వైపు తిరిగి, ఆవిరి రాని చోట మన్ను అదుముతోంది.

"దీంతో పరుగెత్తి గెలిచావా నువ్వు?" సెబాయోస్ గొంతులో జాలీ ఉంది, మర్యాదా ఉంది. ఆ మర్యాద వాకిట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ వినబడింది. "ఇలాంటి కాలితో నిన్ను తీసుకెళితే పాపం చుట్టుకుంటుంది నాకు. ఆరు నెలలు కదలకు. వచ్చే ఏడు నేనే వచ్చి అడుగుతాను. మాటిస్తున్నాను."

విల్మా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"రెండోది ఈ పిల్లేనా?" ఆయన గడప వైపు తిరిగాడు. "నీ కాళ్ళు బావున్నాయి గదమ్మా? ఏదీ, లేచి ఇలా నడిచి రా. చూసి మరీ తీసుకెళతాను."

నయేలి తండ్రి వంక చూసింది. అతని పెదవులు ఏదో అనబోయాయి. పక్కింటివాళ్ళు, ముసలమ్మ, పిన్ని అందరూ చూస్తున్నారు. హెర్మీలియో నోరు మూసుకుని నేలకేసి చూశాడు.

ఆమె లేచింది. ఉన్నది ఉన్నట్టు నడిస్తే చాలు. కాని ఆ నడక ఇప్పుడే ఒకసారి ఈ వాకిలి దాటింది. ఇంకోసారి దాటితే, పెద్దమనిషిని ఇంటికి పిలిచి అక్కాచెల్లెళ్ళు వెక్కిరించినట్టవుతుంది. ఆమెకంటూ ఉన్న ఆ ఒక్క నిజాన్నీ చెల్లెలు ముందే వాడేసుకుంది.

నయేలి ఎడమ మడమ పూర్తిగా నేలకు ఆనించి మొదటి అడుగు వేసింది. తర్వాత రెండోది. మూడో అడుగు దగ్గర ఆగలేదు.

"శుభ్రంగా ఉంది," అన్నాడు సెబాయోస్.

బల్ల పక్కన ఎదిత్ ఇప్పుడు రెండు కాళ్ళ మీదా నిటారుగా నిలబడి ఉంది. అక్క కాళ్ళ వంక చూడటం లేదు. ముఖం వంకే చూస్తోంది.